చెవి వెనక సుద్దగీత

గొడుగు, రైలు, ఉప్పు. నర్సు ఈ మూడు మాటలూ ఒక్కొక్క వేలే మడుస్తూ చెప్పి, "గుర్తుపెట్టుకోండమ్మా, పదకొండింటికి డాక్టరుగారు పిలిచేముందు మళ్లీ అడుగుతాను" అని నవ్వి వెళ్లిపోయింది. నడవా గోడకున్న గడియారంలో పది దాటి రెండు నిమిషాలైంది. ఆ నర్సుకేం, చెప్పి పోయింది, మోయాల్సింది ఎవరు? కత్తెరమ్మ వాటిని కాసేపు మోసింది కూడా. గొడుగు పట్టుకుంటే రైలు జారిపోతోంది, రైలుని అందుకుంటే ఉప్పు ఒలికిపోతోంది, వాటిని ఏరుకునే సందట్లో అసలు పొద్దుటినుంచీ ప్రాణంలా పట్టుకొచ్చిన ఒక్క మాటా చెయ్యి దాటిపోయేలా ఉంది. అందుకని ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. ఈ తలలో ఈవేళ ఒక్క సామానుకే చోటుంది. గొడుగూ రైలూ ఉప్పూ దిగిపోవలసిందే. పరీక్షలో సున్నా వేస్తే వేసుకోనీ. పొడుగు డాక్టరు చెప్పిన మాటని మాత్రం ఆవిడ వదలదు. ఆ మాట ఏమిటో పూర్తిగా గుర్తులేదన్నది వేరే సంగతి.

కత్తెరమ్మ అన్నది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. నాటకశాలలకి తెరలు కుట్టే కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లుగా గుడ్డ కత్తిరించేది ఆవిడే. ఏడేళ్ల కిందట తలలో నీరు చేరి, కాళ్లు నేలకి అతుక్కుపోయి, నిన్నటి సంగతి ఇవాళ మరుపున పడుతుంటే, పొడుగు డాక్టరు కుడిచెవి వెనక చర్మం కింద కోటు బొత్తామంత వాల్వు ఒకటి పెట్టాడు. ఎక్కువైన నీరు దాని గుండా సన్నటి గొట్టంలో పడి పొట్టలోకి దిగిపోతుంది. ఎంత దిగాలన్నది ఒకటినుంచి ఎనిమిది దాకా అంకెల్లో ఉంటుంది. ఆవిడది రెండు. అంకె పెరిగేకొద్దీ దారి బిగుసుకుంటుంది. ఆ అంకె చూడటానికి కొయ్యక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు. చెవి వెనక ఒక వలయం పెట్టి, అందులో దిక్సూచి లాంటి బిళ్ల ఉంచితే, లోపలున్న చిటికెడు అయస్కాంతం ఎటు తిరిగి ఉందో పైనున్న ముల్లు అటు తిరుగుతుంది, అంకె తెలిసిపోతుంది. చిక్కల్లా స్కానింగు యంత్రం దగ్గరే, ఆ పెద్ద అయస్కాంతం ఈ చిన్నదాన్ని ఎటైనా తిప్పేయగలదు. మూడు వారాల కిందట భుజం నొప్పికని ఆవిడ ఆ సొరంగంలో పడుకుని లేచింది. లేవగానే ఇక్కడ వాల్వులు సరిచూసే ఉద్యోగి, ఆవిడ లెక్కన వాల్వులాయన, వలయం పెట్టి చూసి రెండు అన్నాడు. కార్డు మీదా రెండే ఉంది. రెండూ రెండే అయ్యాక ఇంకెవరికి అనుమానం వస్తుంది? నాలుగు రోజులు తిరక్కుండా కాళ్లు మళ్లీ నేలకి అతుక్కున్నాయి. వాల్వు బాగానే ఉంది కాబట్టి ఇక తలే చెడిందన్నారు. ఇవాళ పదకొండింటికి ఇక్కడి డాక్టరు ఆ ముక్క కాగితం మీద పెడతాడు. మతిమరుపు జబ్బు, నయం కాదు, పదునైన వస్తువులు చేతికివ్వకండి. ఆ తర్వాత కత్తెరమ్మ చేతిలో కత్తెర ఉండదు.

"అక్కా, ఆ పర్సు అలా పిసుకుతావెందుకే? అందులో ఏముందని?" అంది పక్క కుర్చీలోంచి చెల్లెలు. బళ్లో లెక్కలు చెబుతుంది. ఇవాళ సెలవు పెట్టి, ఫైలు పట్టుకుని, మంచినీళ్ల సీసా పట్టుకుని, అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "వాల్వులాయన్ని ఇంకోసారి చూడమనవే" అంది కత్తెరమ్మ. ఇది ఈ పూటకి ఎన్నోసారో చెల్లెలు లెక్కపెట్టే ఉంటుంది, లెక్కల పంతులమ్మ కదా. "చూశాడు కదక్కా. పొద్దున కూడా అడిగాను. రెండు ఉంది, మళ్లీ మళ్లీ చూస్తే మారుతుందా అన్నాడు. నువ్వు ఊరికే మనసు కష్టపెట్టుకోకు." కాదే, ఆయన చూశాడు కానీ, ఏదో ఉంది, పొడుగు డాక్టరు ఏదో చెప్పాడు, ముఖమల్ గురించి చెప్పాడు, అందామనుకుంది. ఆస్పత్రిలో కూర్చుని ముఖమల్ గుడ్డ గురించి మాట్లాడితే డాక్టరు చేతికి కలం తానే అందించినట్టవుతుంది. నోరు మూసుకుంది. పర్సులో ఏముందో కూడా చెప్పలేదు. అరిగిన సుద్దబిళ్ల ఒకటి ఉంది, తెల్లది, మూలలు గుండ్రమైంది. పొద్దున బయల్దేరుతూ దాన్ని ఎందుకు వేసుకుందో ఆవిడకే తెలీదు, చేతులు వేసుకున్నాయి అంతే.

ముఖమల్. నీలం ముఖమల్, పక్కపక్కన కలిపి కుట్టాల్సిన నిలువు ముక్కలు, పద్నాలుగు పాయలు, పెద్ద హాలు తెర. ఆవిడ బల్ల మీద చుట్టలు చుట్టలుగా పడి ఉంది. మూడు వారాలుగా దుమ్ము పడుతోంది. యజమాని నిన్న చెల్లెలికి ఫోన్ చేశాడు. తనకి కాదు, చెల్లెలికి. ఇవాళ భోజనాల వేళ దాకా చూస్తానండీ, తర్వాత కొత్త మనిషికి ఇచ్చేస్తాను, ఏమనుకోవద్దని చెప్పండి అన్నాడట. ఏమనుకోవాలి? ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషికి చెప్పే మాట ఇంకెవరి చెవినో వేయాల్సి వచ్చిందంటే, అప్పుడే తనని మనుషుల లెక్కలోంచి తీసేశారన్నమాట. కోపం వచ్చింది కత్తెరమ్మకి. వచ్చిన కోపాన్ని పోనివ్వకుండా పట్టుకుంది. ఈ మధ్య తలలో నిలబడుతున్నది అదొక్కటే, మిగతావన్నీ నీళ్లమీద తేలిపోతున్నాయి. ఆ కొత్త మనిషి మంచివాడే. చెయ్యి చురుకు. కాని ముఖమల్ పరిచినప్పుడు చేత్తో నిమిరి చూడడు, కంటితో చూసి కోసేస్తాడు. పద్నాలుగు పాయల్లో ఒక్కటి తలకిందులైతే చాలు. తనకి తెలుసు, ఎందుకంటే ఆ పని తాను చేసింది.

కొత్తగా చేరిన రోజులు, మెరూన్ రంగు, పన్నెండు పాయలు. ముఖమల్‌కి నూగు ఉంటుంది, పిల్లి వీపులాగ. ఒక వైపు నిమిరితే చెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే అడ్డుపడుతుంది. అన్ని పాయల నూగూ ఒకే దిక్కున ఉండాలి. పగటి వెలుతురులో తెర కట్టినప్పుడు అంతా బాగానే ఉంది, యజమాని భుజం తట్టాడు కూడా. దీపాలు వేశారు. ఏడో పాయ ఒక్కటే నల్లగా, తలుపు తెరిచి పెట్టినట్టు కనిపించింది. గుడ్డ అదే, రంగు అదే, థాను అదే, ఒక్క దిక్కు తిరగబడింది, అంతే. హాలంతా అటే చూస్తోంది. ఎవరు కోశారు అని అడిగితే కుట్టేవాళ్లందరూ నీళ్లు నమిలారు, తనని కాపాడదామని. తనే ముందుకొచ్చి నేనేనండి అంది, మర్నాడు మధ్యాహ్నానికల్లా విప్పి, తిప్పి, కుట్టించి పెట్టింది. ఆనాటినుంచీ కత్తెర పెట్టేముందు ప్రతి పాయ వెనకా సుద్దతో బాణం గీస్తుంది. మీకింత అనుభవం ఉంది, ఇంకా బాణాలెందుకండీ అని కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ కథ పొడుగు డాక్టరుకీ చెప్పింది, ఎప్పుడు చెప్పింది, వాల్వు చూడటానికి ఏడాదికోసారి వెళ్లేది కదా, అప్పుడు. ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వి ఏదో అన్నాడు. ఏమన్నాడు?

ఎదురుగా చేతికి కట్టుకట్టుకున్నాయన టీకప్పు ఎడమచేత్తో పట్టుకుని పీచుమిఠాయి అందుకున్న పిల్లాడంత సంబరంగా తాగుతున్నాడు. గడియారం పదీ ఇరవై ఐదు. చెల్లెలి ఫోను మోగింది, బడినుంచి, ఎవరో ప్రశ్నపత్రాల తాళం అడుగుతున్నారు. చెల్లెలు లేచి కిటికీ దగ్గరికి నడిచింది. ఆ కిటికీ లాంటిదే పొడుగు డాక్టరు గదిలోనూ ఉండేది, దానికి పక్కన గోడమీద బొమ్మ, ఒక చెవి, చెవి వెనక వాల్వు, దానిమీద మెడవైపు దిగుతున్న బాణం. అవును, బొమ్మ. ఆ బొమ్మ ఇక్కడ వాల్వులాయన గదిలోనూ ఉంది, అచ్చం అదే. వలయం మీదా ఒక బాణం ఉంటుంది. వలయాన్ని నీరు పారే దిక్కుకి బాణం వచ్చేలా పెట్టాలి. తాను అడిగింది. అవును, తానే అడిగింది! డాక్టరుగారూ, బొమ్మలో బాణం అటుంటే మీరేంటి ఇలా పెడుతున్నారు అని. అప్పుడే ఆయన అన్నాడు, "చూశారా, కోసేవాళ్ల కన్ను కోసేవాళ్లదే. మీకు చిన్నప్పటి కుట్ల మచ్చ ఉందక్కడ. దాన్ని తప్పించడానికి వాల్వుని తిప్పి పెట్టాను. మీ ముఖమల్ లాగే దీనికీ నూగుందనుకోండి. నేను లేనప్పుడు ఎవరైనా చూస్తే మాత్రం మర్చిపోకుండా చెప్పండి, బాణం..." బాణం? ఎటు? ఆయన చెయ్యి గాల్లో కదలడం కనిపిస్తోంది, చొక్కా చేతి అంచుకి సిరా మరక కనిపిస్తోంది, గొంతు వినిపిస్తోంది, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఎవరో కత్తిరించినట్టు ఖాళీ. మెడవైపా? ముఖంవైపా? పైకా? ఆయన్ని అడుగుదామంటే ఆయన ఆస్పత్రి వదిలి ఎటో వెళ్లిపోయాడు, పాత ఫైలు పాత ఆస్పత్రిలోనే ఉండిపోయింది. మూడు వారాల కిందట ఈ మాట తను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సొరంగంలోంచి బయటపడ్డ సంబరంలో వాల్వులాయనతో జోకులేస్తూ కూర్చుంది. లోపల అంత చప్పుడేంటండీ, నా తలలో ఎవరైనా పెళ్లి చేసుకున్నారా అని. ఆయన నవ్వుతూనే వలయం పెట్టాడు, నవ్వుతూనే రెండన్నాడు. తప్పు ఆయనదొక్కడిదే కాదు. ఏడో పాయ మళ్లీ తన చేతిమీదుగానే తిరగబడింది.

అయితే ఏం చెయ్యాలి? ఏడుస్తూ కూర్చోవాలా? ఏ కుట్టు ఎటునుంచి మొదలైందో తెలియకపోతే ముడి దగ్గర్నుంచి వెనక్కి రావాలి, కార్ఖానాలో చేరిన మొదటి వారం నేర్చుకున్న పాఠం. నీరు చివరికి ఎక్కడికి పోతుంది? పొట్టలోకి. పొట్టలోకి ఎక్కణ్నుంచి పోతుంది? మెడ మీదుగా. కత్తెరమ్మ కాలరు కింద వేలు పెట్టింది. ఉంది, సన్నటి తాడులాగా చర్మం కింద గొట్టం, ఇది ముడి. వేలిని దాని వెంబడే పైకి నడిపించింది, మెల్లగా, చీకట్లో నూగు చూసే వేలు అది, కంటి అవసరం లేదు దానికి. మెడ దాటింది. చెవి కిందకొచ్చింది. ఇప్పుడు బొత్తాం తగలాలి, బొమ్మలోలాగైతే గొట్టం బొత్తాం అడుగున కలవాలి. కలవలేదు. గొట్టం బొత్తాం పక్కనుంచి తప్పుకుని పైకే పోయింది. ఇంకా పైకి, పాత కుట్ల మచ్చ పక్కగా, అక్కడ వంపు తిరిగింది, తిరిగి పైనుంచి వచ్చి బొత్తాం నెత్తిన కలిసింది. ఇంకోసారి చూసింది. మూడోసారీ చూసింది. మూడుసార్లూ ఒకటే. నీరు బొత్తాం నెత్తిమీంచి బయటికొస్తోంది. నీటి దారి పైకి. బాణం పైకి! పొడుగు డాక్టరు గాల్లో ఊపిన చెయ్యి ఇప్పుడు మొత్తం కనిపించింది, ఆకాశం చూపించినట్టు పైకి లేచింది.

బాణం పైకి. గడియారం పదీ నలభై. గొడుగు అనబోయింది బుద్ధి, నోర్ముయ్ అంది కత్తెరమ్మ. బాణం పైకి. చెల్లెలు కిటికీ దగ్గర ఇంకా తాళం సంగతే మాట్లాడుతోంది, అటు తిరిగి ఉంది. చెల్లెలొచ్చేదాకా ఆగితే చెప్పాలి, చెబితే వాదించాలి, వాదిస్తే మాట జారిపోతుంది. వాల్వులాయన గది నడవాకి అవతల, తలుపు ఓరగా తెరిచి ఉంది, పన్నెండు అడుగులుంటుందేమో. మంచి రోజుల్లో పన్నెండు అడుగులంటే ఒక పాయ పొడవు కూడా కాదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కాళ్లని కదలమంది. కదల్లేదు. రెండు చెప్పులూ నేలకి జిగురుపెట్టి అంటించినట్టున్నాయి. కదలండే, ఇన్నేళ్లు కూర్చోబెట్టి మేపానా మిమ్మల్ని, అని తిట్టింది. మొండికేశాయి. అప్పుడు కిందికి చూసింది. నేలమీద పలకలు, పలకకీ పలకకీ మధ్య నల్లటి గీత. గీత కనిపిస్తే ఆవిడ చెయ్యి ఆగదు, ఎప్పుడూ ఆగలేదు. కాలెందుకు ఆగాలి? మొదటి గీత మీదికి చూపు నిలిపి, దాని అవతలికి అడుగెయ్యాలి అనుకుంది, కోత గీత అవతలికి కత్తెర పోయినట్టు. కుడికాలు లేచింది. పడింది. బాణం పైకి. ఇంకో గీత. ఎడమకాలు. బాణం పైకి. కట్టుకట్టుకున్నాయన టీ తాగడం ఆపి చూస్తున్నాడు. చూడనీ. ఐదో గీత దగ్గర ఒళ్లు ముందుకి తూలింది, గోడ అందింది, చెమట పట్టింది, తలలో ఏదో పక్కకి ఒలికినట్టయింది, మాట కోసం తడుముకుంది, ఏదీ, ఏదీ, బాణం... మెడమీదికి పోయింది చెయ్యి. గొట్టం మీదుగా పైకి, వంపు, నెత్తి. పైకి. ఉంది. ఒళ్లోనే రాసి ఉన్న మాట ఎక్కడికి పోతుంది? అయినా ఇంకోసారి పోనివ్వదలచుకోలేదు. గోడకి ఆనుకుని, పర్సులోంచి సుద్దబిళ్ల తీసి, కురచగా కత్తిరించిన జుట్టుని పక్కకి తోసి, బొత్తాం మీద అడుగునుంచి నెత్తికి ఒక గీత గీసింది. గీత చివర రెండు చిన్న కొసలు పెట్టింది. ముప్పై నాలుగేళ్ల అలవాటు, అద్దం లేకపోయినా వంకర పోలేదు.

"అక్కా!" చెల్లెలు పరుగెత్తుకొచ్చేసరికి కత్తెరమ్మ వాల్వులాయన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వాల్వులాయన కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని లేచాడు. యాభై దాటినాయన, ఇరవై ఏళ్లుగా ఇదే పని, చేతులు శుభ్రంగా ఉంటాయి, మాట కూడా.

"అమ్మా, మీకు పొద్దున చెప్పాను కదమ్మా. రెండే ఉంది."

"మీరు చూసింది తప్పని నేననడం లేదు బాబూ" అంది కత్తెరమ్మ, ఒక్కో మాటా పలకలు దాటినట్టు దాటుతూ. "తలకిందులుగా చూశారంటున్నాను. నా వాల్వు తిప్పి పెట్టారు. ఆ రోజు మీకు చెప్పాల్సింది, నేను మర్చిపోయాను. బాణం పైకి పెట్టి చూడండి."

"క్షమించండి సార్, అక్కకి ఈ మధ్య..." అని చెల్లెలు అందుకోబోయింది.

"నువ్వుండవే!" అంది కత్తెరమ్మ. అని తల వంచి చెవి చూపించింది.

వాల్వులాయన ఆ సుద్దబాణాన్ని చూశాడు. గోడమీద బొమ్మని చూశాడు. నవ్వేవాడే, కాని ఆవిడ కళ్లు చూసి నవ్వలేదు. కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని, ఏ వలయమూ లేకుండా ఉత్త వేళ్లతో మెడ దగ్గర మొదలుపెట్టాడు. కత్తెరమ్మ కళ్లు మూసుకుని ఆ వేళ్ల వెంట నడిచింది. చెవి కిందకొచ్చాయి. పక్కకి తప్పుకున్నాయి. ఆగాయి. మళ్లీ కిందికెళ్లి, మళ్లీ వచ్చి, ఈసారి పైదాకా పోయి, వంపు తిరిగి, బొత్తాం నెత్తిన నిలిచిపోయాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. వలయం చల్లగా తగిలింది. బిళ్ల టక్కుమని కూర్చుంది. ముల్లు తిరగడం ఆవిడకి వినపడదు, అయినా విన్నది.

"ఆరు" అన్నాడు వాల్వులాయన. వలయం తీస్తూ మళ్లీ అన్నాడు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "ఎనిమిది అంకెల్లో సగం చుట్టు తిప్పి చూస్తే ఆరు కాస్తా రెండవుతుంది. అదీ కార్డులో అంకే అయి కూర్చుంది." కుర్చీలో కూలబడ్డాడు. "మూడు వారాలమ్మా. ముందు వేళ్లతో చూసుకోవాల్సింది. చూసుకోలేదు. మూడు వారాలు మీ తలకి తాళం వేసి తిప్పాను."

చెల్లెలు ఫైలు గుండెలకి హత్తుకుని గోడవైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. కత్తెరమ్మకీ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "నా తల చెడలేదే" అంది చెల్లెలి వీపుతో. "చెడలేదు."

తర్వాతవన్నీ వరసగా జరిగాయి. పదకొండింటికి నర్సు వచ్చి మూడు మాటలేమిటమ్మా అని అడిగింది. "దింపేశాను తల్లీ, బరువెక్కువైంది" అంది కత్తెరమ్మ. నర్సు మూడు సున్నాలు వేసుకుంది. డాక్టరు వాల్వులాయన చెప్పింది విని, రాయబోతున్న కాగితం పక్కన పెట్టి, ఎక్స్‌రే తీయించాడు. అందులోనూ ఆరే. వాల్వులాయన చెవి వెనక అయస్కాంతం పెట్టి తిప్పాడు, నొప్పి లేదు, చప్పుడు లేదు, రెండుకొచ్చింది. ఇంకోసారి చూసి రెండే అని చెప్పి, కార్డు మీద అంకె పక్కన ఎర్రసిరాతో పైకి పోయే బాణం గీశాడు. నీళ్లు దిగి కాళ్లు తేలికపడటానికి కొన్ని రోజులు పట్టొచ్చని, తలనొప్పి వస్తే వెంటనే రమ్మని చెప్పాడు. గుమ్మందాకా వచ్చాడు. సుద్దబిళ్ల బల్లమీద మర్చిపోతే తెచ్చి చేతిలో పెట్టాడు.

ఫోను తానే చేసింది. పన్నెండూ పది. "కత్తెరమ్మా, మీరా?" అన్నాడు యజమాని తడబడుతూ. "నేనే. నీలం ముఖమల్ మీద ఎవరూ కత్తెర పెట్టొద్దు." "అలాగే, అలాగే. మరి మీరెప్పుడు..." "నీళ్లు దిగగానే వస్తాను" అని పెట్టేసింది. పాపం, ఆయన ఏ వరదల గురించో అనుకుని ఉంటాడు.

నడవాలో పలకలు అవే, గీతలు అవే, కాళ్లూ పొద్దుటి కాళ్లే. ఒక గీత, ఇంకో గీత. ఎప్పుడూ నాలుగడుగులు ముందుండే చెల్లెలు ఇప్పుడు పక్కనే నడుస్తోంది, తనూ గీతలు దాటుతోంది, ఎందుకో ఎవరూ చెప్పకుండానే. కట్టుకట్టుకున్నాయన కుర్చీ ఖాళీగా ఉంది. కింద టీకప్పు ఉంది. కత్తెరమ్మ ఆగింది.

"ఉప్పు" అంది.

"ఏంటక్కా?"

"మూడోది. ఉప్పు."

చెల్లెలు నర్సు బల్లవైపు చూసింది, అక్కడెవరూ లేరు, సున్నాలు ఎప్పుడో లోపలికి వెళ్లిపోయాయి. "మిగతా రెండూ?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఉండవే, వస్తాయి."

ఇద్దరూ నడవా మధ్యలో చేతులు పట్టుకుని నిలబడ్డారు, మిగతా రెండింటి కోసం.